55 రావాల్సిన చోట 45 వస్తే

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం సి ల్యాబ్‌లోనైనా, అమీర్‌పేటలో పైథాన్ కోర్సు మొదటి వారంలోనైనా లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్) నేర్పగానే ఇచ్చే లెక్క దాదాపు ఒకటే. 1 నుంచి 10 వరకు సంఖ్యలన్నీ కూడి మొత్తం చూపించాలి. జవాబు 55 అని ముందే తెలుసు. ప్రోగ్రాం రాసి రన్ చేస్తే 45 వస్తుంది. ఎర్రర్ మెసేజ్ లేదు, కంపైలర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. జవాబు మాత్రం తప్పు.

లూప్ ఎప్పటిదాకా తిరగాలో చెప్పే షరతు ఐ < 10 అని ఉంటుంది, ఐ అంటే చుట్టుచుట్టుకీ ఒకటి చొప్పున పెరిగే సంఖ్య. అప్పుడు ఎక్కువమంది చేసేది ఆ షరతులో < ఉన్నచోట <= పెట్టి మళ్ళీ రన్ చేయడం. 55 వస్తుంది, రికార్డులో రాసేసుకుంటారు. గుర్తు మారిస్తే జవాబు మారిందని తెలిసింది గానీ, 45 ఎందుకు వచ్చిందో మాత్రం తెలియలేదు. దాని ఫలితం వచ్చే వారమే కనిపిస్తుంది. ఐదు సబ్జెక్టుల మార్కులను ఒక అర్రేలో (వరుసగా ఉన్న గదుల్లో) పెట్టి కూడమంటారు. అర్రేలో స్థానాలు 0 నుంచి 4 వరకే. "చివరిది పోతోంది కాబట్టి <= పెట్టాలి" అని కిందటిసారి అలవాటైన చెయ్యి ఐ <= 5 అని రాస్తుంది. లూప్ అర్రే దాటి ఆరో గదిలోకి తొంగిచూసి, అక్కడ ఏ చెత్త ఉంటే దాన్నీ కూడేస్తుంది. సి భాష ఇలాంటప్పుడు ఆపి హెచ్చరించదు. ఒక్కోసారి ఆ గదిలో సున్నా ఉండి జవాబు సరిగ్గా కూడా వస్తుంది. అది ఇంకా ప్రమాదం.

అందుకే తప్పు జవాబు రాగానే కోడ్ మీద చెయ్యి వేయకూడదు. ముందు ఆ జవాబునే నిదానంగా చూడాలి, ఎందుకంటే లెక్కింపు లూప్‌లో తప్పు జవాబు చాలాసార్లు తన కారణాన్ని తానే చెబుతుంది. 55కి, 45కి తేడా 10. అంటే చివరి సంఖ్య కూడికలోకి రాలేదు, లూప్ 9 దగ్గరే ఆగింది. 54 వచ్చి ఉంటే పోయింది 1, అంటే మొదలుపెట్టడమే 2తో పెట్టారు. 66 వస్తే 11 అదనంగా చేరింది. 65 వస్తే 1 పోయి 11 చేరింది, అంటే 2 నుంచి 11 వరకు కూడింది. వైల్ లూప్ (షరతు నిజమైనంత కాలం తిరిగేది) లోపల ఐని ముందు పెంచి తర్వాత కూడితే సరిగ్గా ఇదే వస్తుంది. ఉండాల్సిన రెండు లైన్లూ ఉన్నాయి, వరుసే తారుమారైంది.

10 వస్తే, మొత్తాన్ని దాచే సమ్‌ని సున్నా చేసే సమ్ = 0 అనే లైను లూప్ లోపల పడి ఉండొచ్చు. ప్రతి చుట్టులోనూ మొత్తం సున్నాకి వెళ్ళిపోయి, చివరి చుట్టులో చేరిన 10 ఒక్కటే మిగులుతుంది. సమ్ = సమ్ + ఐ అనాల్సిన చోట సమ్ = ఐ అని రాసినా ఇదే జవాబు. 11 వస్తే సి రాసినవాళ్ళు లూప్ మొదలయ్యే ఫర్ లైను చివర చూడాలి. బ్రాకెట్ తర్వాత ఒక సెమికోలన్ ఉంటుంది. ఆ సెమికోలన్‌తో లూప్ అక్కడికే ముగుస్తుంది. పది చుట్లు ఏ పనీ చేయకుండా తిరుగుతుంది, ఐ 11 అయ్యాక కింద ఉన్న కూడిక ఒకే ఒక్కసారి జరుగుతుంది. పైథాన్‌లో ఫంక్షన్ రాస్తే 1 వచ్చే అవకాశం కూడా ఉంది. రిటర్న్ లైను ఒక ట్యాబ్ లోపలికి జరిగి లూప్‌లో చేరిపోతే మొదటి చుట్టులోనే ఫంక్షన్ జవాబు ఇచ్చి వెళ్ళిపోతుంది. సి లో అర్థంపర్థం లేని పెద్ద సంఖ్య వస్తే సమ్‌కి మొదటి విలువ ఇవ్వడం మర్చిపోయారేమో చూడాలి.

ఇన్ని రకాల తప్పులకూ < మార్చడం ఒక్కటే మందు అయ్యే అవకాశమే లేదు.

45కే ఇంకో కారణం ఉంది. పైథాన్‌లో కొత్తవాళ్ళు రేంజ్(10) అని రాస్తారు. అది 0 నుంచి 9 వరకు ఇస్తుంది, మొత్తం 45. ఐ < 10 అనే షరతుతో 1 దగ్గర మొదలైన లూప్ తొమ్మిది సార్లు తిరుగుతుంది. రేంజ్(10) సరిగ్గా పది సార్లు తిరుగుతుంది. "పది సంఖ్యలు, పది చుట్లు, లూప్ సరిగ్గానే ఉంది, మరి మొత్తం ఎందుకు తక్కువైంది?" అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఎన్నిసార్లు తిరిగిందన్నది ఒక ప్రశ్న, ఏ విలువలతో తిరిగిందన్నది మరో ప్రశ్న. రెండూ విడివిడిగా చూసుకోవాలి. రేంజ్(11) పెడితే 55 వస్తుంది, కానీ అందులో సున్నాని కూడే చుట్టు ఒకటి వృథాగా తిరుగుతోంది. కూడికలో సున్నా హాని చేయదు కాబట్టి బయటపడదు. అదే లూప్‌ని గుణకారానికి వాడి ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటి గుణకారం) చేయబోతే జవాబు ఎప్పుడూ సున్నాయే. దీనికి ఎదురు వైపూ ఉంది. 5 ఫ్యాక్టోరియల్‌ని 2 నుంచి మొదలుపెట్టినా 120 వస్తుంది, ఎందుకంటే 1తో గుణిస్తే ఏమీ మారదు. జవాబు సరిపోయినంత మాత్రాన లూప్ సరైనదని చెప్పలేం.

తప్పు జవాబు చెప్పింది నిజమో కాదో తేల్చడానికి కాగితం, పెన్ను చాలు. మూడు గడులు గీయాలి. ఒకదానిలో ఐ విలువ, రెండోదానిలో షరతు నిజమా కాదా, మూడోదానిలో ఆ చుట్టు పూర్తయ్యాక సమ్ విలువ. పది వరుసలు రాయడం విసుగనిపిస్తే లెక్కను 1 నుంచి 3కి కుదించుకోవచ్చు. లూప్‌లో ఉన్న తప్పు 10కి ఎలా ఉంటుందో 3కీ దాదాపు అలాగే ఉంటుంది. షరతు ఐ < 3 అయితే మొదటి వరుసలో 1, నిజం, 1. రెండో వరుసలో 2, నిజం, 3. మూడో వరుసలో ఐ 3, షరతు అబద్ధం, బయటికి. 6 రావాల్సిన చోట 3 వచ్చింది.

ఈ ఆఖరి వరుసను విద్యార్థులు దాదాపు ఎప్పుడూ రాయరు. లూప్ పని చేసిన చుట్లు రాసి ఆపేస్తారు, లూప్ ఆగిన చోటు రాయరు. లెక్కింపు లూప్‌లో తప్పు మధ్యలో ఉండటం అరుదు. నాలుగో చుట్టు సరిగ్గా ఉంటే ఐదోది, ఆరోదీ సరిగ్గానే ఉంటాయి. గొడవంతా రెండు కొసల్లోనే: మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు ఐ ఎంత, చివరిసారి లోపల ఉన్నప్పుడు ఎంత, బయటికి వచ్చాక ఎంత. సెమికోలన్ తప్పులో 11 ఎక్కడి నుంచి వచ్చిందో మూడో ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది.

కొత్తవాళ్ళు ఈ తప్పులు చేసేది అజాగ్రత్త వల్లే అనుకోవడం సరికాదు. 1980లలో అమెరికాలో దీని మీద మంచి పరిశోధన జరిగింది. రాయ్ పీ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన పత్రంలో, మొదటిసారి ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళ తప్పులన్నిటి వెనక ఒక పెద్ద తప్పు ఉందన్నాడు. కంప్యూటర్ లోపల మన ఉద్దేశాన్ని అర్థం చేసుకోగల బుద్ధి ఏదో దాగి ఉందని వాళ్ళు తెలియకుండానే నమ్ముతారట. "1 నుంచి 10 వరకు" అని మనసులో ఉంటే చాలు, రాసినదాంట్లో అది ఉందో లేదో కళ్ళు పట్టించుకోవు. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ఈ నమ్మకం తప్పు కాదు. చెప్పీ చెప్పకుండా వదిలేసిన మాటను వినేవాళ్ళు పూరించుకుంటారు. కంప్యూటర్ పూరించుకోదు.

దీనికి దగ్గరిదే ఇంకో అపోహ. వైల్ లూప్ తన షరతును క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుందనీ, అది అబద్ధం కాగానే పని మధ్యలోనే ఆపేస్తుందనీ చాలామంది అనుకుంటారు. ఐ 1తో మొదలై, ఐ < 5 అనే షరతు కింద, ముందు ఐని ఒకటి పెంచి తర్వాత ప్రింట్ చేసే లూప్ ఏం చూపిస్తుందని అడిగితే 2, 3, 4 అని చెబుతారు. నిజానికి 2, 3, 4, 5 వస్తాయి. ఐ 5 అయిన సంగతిని అప్పటికప్పుడు ఎవరూ చూడటం లేదు. చుట్టు పూర్తయి మళ్ళీ పైకి వెళ్ళినప్పుడే షరతును చూస్తారు. మూడు గడుల కాగితం మీద ఈ అపోహ ఒక్కసారికే తేలిపోతుంది.

అనుభవం ఉన్నవాళ్ళు ఈ తప్పులు చేయరని కూడా అనుకోనక్కర్లేదు. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి ‘జూన్’ (Zune) అనే 30 జీబీ మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, అంతకు మించి కదలదు. కారణం అందులోని గడియారపు చిప్‌ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్‌లో ఉన్న ఒక చిన్న వైల్ లూప్.

ఆ లూప్ పని తేలికైనదే. 1980 నుంచి ఎన్ని రోజులు గడిచాయో ఒక సంఖ్యగా ఇస్తే, ఇప్పుడు ఏ సంవత్సరమో తేల్చాలి. షరతు: రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంత కాలం తిరగాలి. లోపల, ఆ సంవత్సరం లీపు సంవత్సరమైతే, రోజులు 366 కన్నా ఎక్కువ ఉంటే 366 తీసేసి సంవత్సరాన్ని ఒకటి పెంచాలి. లీపు కాకపోతే 365 తీసేసి సంవత్సరాన్ని ఒకటి పెంచాలి. చదువుతుంటే ఎక్కడా తప్పున్నట్టు అనిపించదు.

2008 లీపు సంవత్సరం. డిసెంబర్ 31 అంటే దాని 366వ రోజు. పాత సంవత్సరాలన్నీ తీసేశాక లూప్ చేతిలో మిగిలింది సరిగ్గా 366. 366 అనేది 365 కన్నా ఎక్కువేనా? అవును, లోపలికి వెళ్ళింది. లీపు సంవత్సరమేనా? అవును. 366 అనేది 366 కన్నా ఎక్కువా? కాదు. కాబట్టి ఏమీ తీయలేదు, ఏమీ పెంచలేదు. మళ్ళీ పైకి వెళ్ళింది, అదే 366, అదే ప్రశ్న. ఆ రోజంతా అదే తంతు. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, జనవరి 1న గ్రీన్‌విచ్ సమయం ప్రకారం మధ్యాహ్నం దాటాక మళ్ళీ చార్జ్ చేసి ఆన్ చేయమని కంపెనీ చెప్పింది. తెల్లవారితే సంఖ్య 367 అవుతుంది, 366 తీసేస్తే 1 మిగులుతుంది, లూప్ హాయిగా బయటికి వస్తుంది. ఆ మోడల్ 2006 నవంబర్‌లో వచ్చింది. 2006, 2007 లీపు సంవత్సరాలు కావు. అందుకే రెండేళ్ళ పైగా ఎవరికీ ఏమీ కనిపించలేదు.

ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. రోజులు 365, 366, 367 అని మూడు విలువలతో, లీపు సంవత్సరానికి ఒకసారి, మామూలు సంవత్సరానికి ఒకసారి కాగితం మీద నడిపి ఉంటే ఆ తప్పు కొద్ది నిమిషాల్లో దొరికేది. షరతులో ఏ సంఖ్య ఉందో దానితోనూ, దానికి ఒకటి తక్కువతోనూ, ఒకటి ఎక్కువతోనూ నడిపి చూడటం అనే పాత పద్ధతి ఇలాంటి వాటి కోసమే ఉంది. రెండో సంగతి, ముగింపు వైపు జరిపే లైను, అంటే ఐని ఒకటి పెంచే ఐ++ లాంటిది, ఒక ఇఫ్ లోపల ఉంటే అనుమానించాలి. ఆ ఇఫ్ అబద్ధమైన చుట్టులో లూప్ ఒక్క అంగుళం కూడా ముందుకు జరగదు. కొత్తవాళ్ళు సరి సంఖ్యలు మాత్రమే ప్రింట్ చేసే ప్రోగ్రాంలో ఐ++ని పొరపాటున ఇఫ్ బ్రాకెట్లలో పెట్టి, స్క్రీన్ కదలక ప్రోగ్రాం ఆపడానికి కంట్రోల్-సి నొక్కేది సరిగ్గా ఇందుకే.

కొసల దగ్గరి ఈ ఒకటి తేడాకి పాత ఉదాహరణ కంచె. వంద అడుగుల పొడవున పది అడుగులకో రాతి కడీ పాతాలంటే పది కడీలు తెస్తే చాలదు, పదకొండు కావాలి. ఖాళీలు పది, కడీలు పదకొండు. లూప్ రాసేముందు లెక్కిస్తున్నది ఖాళీలనా, కడీలనా అని తేల్చుకుంటే సగం తప్పులు రావు.

మిగతా సగానికి ప్రోగ్రామింగ్ లోకం ఒక ఒప్పందం కుదుర్చుకుంది: మొదటి కొసను కలుపుకోవాలి, చివరి కొసను వదిలేయాలి. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982 ఆగస్టులో చేతితో రాసిన ఒక చిన్న నోట్‌లో దీనికి కారణాలు చెప్పాడు. 2 నుంచి 12 దాకా ఉన్న సంఖ్యలను నాలుగు విధాలుగా రాయొచ్చు. వాటిలో 2 ≤ ఐ < 13 అనే రూపమే మేలన్నాడు. కొసల తేడా 13 - 2 = 11, సరిగ్గా అన్ని సంఖ్యలే ఉన్నాయి. ఒక వరుస ఎక్కడ ఆగిందో తర్వాతి వరుస అక్కడే మొదలవుతుంది. ఏ సంఖ్యా లేని ఖాళీ వరుసను కూడా 2 ≤ ఐ < 2 అని ఇబ్బంది లేకుండా రాయొచ్చు. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో వాడిన మెసా అనే భాషలో నాలుగు రూపాలకూ వీలుండేదనీ, మిగతా మూడూ తప్పులకు దారితీశాయని అక్కడి అనుభవం చెప్పిందనీ కూడా రాశాడు. పైథాన్‌లో రేంజ్(1, 10) 9 దగ్గర ఆగడం, సి అర్రేలు 0 దగ్గర మొదలై ఐ < 5తో ముగియడం ఈ పద్ధతికి తగ్గట్టే ఉంటాయి. "ఒకటి తక్కువ ఎందుకిస్తోంది" అని విసుక్కునే బదులు "11 - 1 = 10 కాబట్టి రేంజ్(1, 11)లో పది ఉన్నాయి" అని చదవడం అలవాటైతే 45 మళ్ళీ ఎదురుపడదు.

దశాంశాలతో లెక్కించే లూప్‌లది వేరే కథ. సున్నా దగ్గర మొదలుపెట్టి ప్రతిసారీ 0.1 కూడుతూ, విలువ 1 కానంత వరకు తిరగమంటే లూప్ ఆగదు. కంప్యూటర్ ద్వియాంశ (బైనరీ) పద్ధతిలో 0.1ని కచ్చితంగా రాయలేదు, మనం దశాంశాల్లో మూడో వంతును రాయలేనట్టే. పదిసార్లు కూడాక పైథాన్ చూపించేది 0.9999999999999999. అది 1కి సమానం కాదు కాబట్టి ఇంకో చుట్టు, 1 దాటిపోతుంది, ఇక ఎప్పటికీ సమానం కాదు. షరతులో != (సమానం కాదు అనే గుర్తు) తీసి < పెడితే ఆగుతుంది గానీ పదికి బదులు పదకొండు చుట్లు తిరుగుతుంది. ఇలాంటి చోట లెక్కింపును పూర్ణాంకాలతో 0 నుంచి 9 వరకు చేసి, లోపల 10తో భాగించుకోవాలి. వేరే దారి వెతకడం దండగ.

పూర్ణాంకాలకూ ఒక హద్దుంది. పాత టర్బో సి కంపైలర్‌లో ఇంట్ (పూర్ణాంకాన్ని దాచే చోటు) అంటే 16 బిట్లు, 32767 దాకానే. అందులో 7 ఫ్యాక్టోరియల్ 5040 అని చక్కగా వస్తుంది, 8కి మాత్రం 40320కి బదులు -25216 కనిపిస్తుంది. ఈ తరం కంపైలర్లలో ఇంట్ 32 బిట్లు కాబట్టి 12 దాకా బాగుండి 13 దగ్గర సాధారణంగా 1932053504 వస్తుంది. మైనస్ గుర్తు కూడా ఉండదు కాబట్టి చూసి నమ్మేస్తారు. లూప్‌ని ఎంతసేపు తనిఖీ చేసినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పంతా సంఖ్యను దాచే డబ్బా పరిమాణంలో ఉంది.

1980లో వచ్చిన ప్యాక్-మ్యాన్ వీడియో గేమ్‌లో ఈ హద్దూ, లూప్ కొసా రెండూ కలిసి దెబ్బతీశాయి. అందులో లెవెల్ సంఖ్యను ఒక్క బైటులో, అంటే 0 నుంచి 255 వరకు పట్టే చోటులో దాచారు. 256వ లెవెల్‌కి చేరేసరికి అక్కడ 255 ఉంటుంది. స్క్రీన్ కింద పండ్ల బొమ్మలు గీసే భాగం దానికి ఒకటి కూడితే 0 వస్తుంది. ఎన్ని పండ్లు గీయాలి? సున్నా. కానీ ఆ లూప్ ముందు గీసి, తర్వాత లెక్కలోంచి ఒకటి తగ్గించి, సున్నా అయిందా అని ఆఖర్న చూసే రకం. 0లోంచి ఒకటి తగ్గితే ఒక్క బైటులో 255 అవుతుంది. అలా 256 సార్లు గీస్తూ పోయి స్క్రీన్ కుడి సగమంతా చెత్త గుర్తులతో నింపేస్తుంది. ఆ లెవెల్‌ని పూర్తి చేయడం సాధ్యం కాదు. డూ-వైల్ లూప్ కనీసం ఒక్కసారైనా తిరుగుతుందని పరీక్షలో రెండు మార్కులకు రాసే వాక్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక పనిముట్ల సంగతి. లూప్ లోపల మొదటి లైనుగా ఐ, సమ్ విలువలను ప్రింట్ చేసే లైను ఒకటి, లూప్ బయట అదే లైను ఇంకొకటి పెడితే కాగితం మీద చేసిన పనిని కంప్యూటరే చేసిపెడుతుంది. పేర్లు లేకుండా వట్టి సంఖ్యలు ప్రింట్ చేస్తే ఏది ఐ, ఏది సమ్ అని కొత్త గందరగోళం మొదలవుతుంది కాబట్టి పేరుతో సహా ప్రింట్ చేయాలి. ప్రోగ్రాంని మధ్యమధ్యలో ఆపి చూపించే డీబగ్గర్ వాడితే ఇంకా మేలు. టర్బో సి లో ఎఫ్7 నొక్కితే ఒక్కో లైను నడుస్తుంది, కంట్రోల్-ఎఫ్7తో ఐ పక్కనే ఎలా మారుతోందో చూడొచ్చు. వీఎస్ కోడ్‌లో లైను పక్కన ఎర్ర చుక్క పెట్టి అదే పని చేయొచ్చు. ఫిలిప్ గువో తయారుచేసిన పైథాన్ ట్యూటర్ బ్రౌజర్‌లోనే ప్రతి అడుగునూ బొమ్మగా చూపిస్తుంది, మొదటి నెల చదువుకి అది చాలా మంచి సాధనం. కోడ్ మొత్తాన్ని ఏఐ చాట్‌బాట్‌లో పేస్ట్ చేస్తే సరిచేసిన కోడ్ వెంటనే వస్తుంది, నిజమే. అయితే 45 ఎందుకు వచ్చిందో ముందు ఊహించి, ఆ ఊహ సరైనదా అని అడగడానికి వాడితేనే నేర్చుకునేవాళ్ళకు లాభం.

ఇక్కడి దాకా వచ్చాక చేయదగ్గ మంచి సాధన ఒకటి ఉంది. 1980లలో యేల్ యూనివర్సిటీలో ఎలియట్ సొలొవే బృందం విద్యార్థులకు ఇచ్చిన లెక్క అది. 99999 వచ్చే దాకా సంఖ్యలు చదువుతూ పోవాలి, వచ్చాక సగటు చూపించాలి, 99999ని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. చూడటానికి తేలిక, చాలామంది తప్పారు. చదవడం, కూడటం ఏ వరుసలో ఉండాలన్న దగ్గరే తికమక. చదివిన వెంటనే కూడి, షరతును తర్వాత చూస్తే 99999 కూడా మొత్తంలో చేరిపోతుంది. లూప్ ముందు ఒకసారి చదివి, లోపల కూడాక చివర్లో మళ్ళీ చదివితే సరిపోతుంది. దీన్ని 10, 20, 99999 అని ఇచ్చి నడిపితే 15 రావాలి. తర్వాత 10, 99999 ఇవ్వాలి, 10 రావాలి. ఆ తర్వాత మొదటి సంఖ్యగానే 99999 ఇవ్వాలి. లూప్ ఒక్క చుట్టు కూడా తిరగదు, సంఖ్యల లెక్క సున్నా దగ్గరే ఉంటుంది, సగటు కోసం భాగించే లైను దగ్గర పైథాన్ సున్నాతో భాగించలేనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ లైనుకి ముందు ఒక ఇఫ్ కావాలి.